నిఫ్టీ ఫండా, అమెరికా ఫండా: గోదావరి డెల్టా ఇంటికి పన్ను లెక్క

పన్ను రేటు ఒక్కటే చూస్తే ఈ చర్చ రెండు నిమిషాల్లో తేలిపోతుంది. నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండును (మన దేశపు 50 పెద్ద కంపెనీల సూచీ వెంట నడిచేది) ఏడాది దాటాక అమ్మినా, అమెరికా ఎస్ అండ్ పీ 500 సూచీ వెంట నడిచే ఫండును రెండేళ్లు దాటాక అమ్మినా లాభం మీద పడేది 12.5 శాతమే. కాబట్టి భీమవరంలోనో అమలాపురంలోనో ఏజెంటు "రెండిటికీ పన్ను ఒకటేనండీ" అంటే అబద్ధమేమీ కాదు. సగం నిజం. మిగతా సగం మినహాయింపులోను, గడువులోను, రిటర్ను ఫారంలోను ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా మీ ఆదాయం వరి చేలోంచి వస్తోందా, రొయ్యల చెరువులోంచి వస్తోందా, పెన్షనా అన్నదాని మీద ఉంది. ఒకే ఫండు ఒక ఇంటికి పన్ను లేకుండా పోయి, పక్కింటికి 31 శాతం పడొచ్చు.

కింద వాడిన అంకెలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి, కొత్త పన్ను విధానం ప్రకారం వేసినవి. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం పోయి 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది, సెక్షన్ల నంబర్లన్నీ మారాయి. అందుకని ఇక్కడ సెక్షన్ల జోలికి పోకుండా విషయమే చెబుతున్నాం.

విదేశానికి మూడు దారులు

"ఫారిన్ ఫండు" అని అందరూ ఒక్క మాటలో అనేస్తారు గాని, అందులో మూడు వేరువేరు సరుకులున్నాయి, మూడిటికీ పన్ను వేరు.

మొదటిది, మన దేశంలోనే రిజిస్టరైన మ్యూచువల్ ఫండు. మీరు రూపాయల్లో కడతారు, వాళ్లు అమెరికా షేర్లలోనో అక్కడి ఈటీఎఫ్‌లోనో (ఎక్స్ఛేంజిలో షేరులా కొని అమ్మే ఫండు) పెడతారు. యూనిట్లు మీ పాన్ మీద, మామూలు ఫోలియోలోనే ఉంటాయి. రెండోది, ఎన్‌ఎస్‌ఈలో లిస్టయిన నాస్‌డాక్ 100 ఈటీఎఫ్ లాంటిది. డీమ్యాట్ ఖాతాలో షేరులా కొంటారు. మూడోది, రిజర్వు బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద బ్యాంకు ద్వారా డాలర్లు పంపి, విదేశీ బ్రోకరు దగ్గర మీ పేరునే ఈటీఎఫ్ కొనుక్కోవడం. మనిషికి ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు.

పన్ను చట్టం దృష్టిలో "ఈక్విటీ ఫండు" అంటే కనీసం 65 శాతం సొమ్ము మన దేశపు లిస్టెడ్ కంపెనీల షేర్లలో ఉన్నది. అమెరికా ఫండులో నూటికి నూరు శాతం షేర్లే ఉన్నా, అవి మన కంపెనీలవి కావు గనక ఆ పేరు దానికి రాదు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. దేశీయ ఇండెక్స్ ఫండుకు 12 నెలలు దాటితే దీర్ఘకాలం, లోపు అమ్మితే 20 శాతం. మొదటి దారిలో కొన్న విదేశీ ఫండుకు 24 నెలలు దాటాలి, లోపు అమ్మితే లాభం మీ మిగతా ఆదాయంతో కలిసి శ్లాబు ప్రకారం పన్ను. లిస్టెడ్ ఈటీఎఫ్‌కు 12 నెలలు చాలు, లోపు అమ్మితే ఇక్కడా శ్లాబే. విదేశీ బ్రోకరు దగ్గర కొన్నదానికి మళ్లీ 24 నెలలు.

2023 ఏప్రిల్ 1 తర్వాత కొన్న విదేశీ ఫండు యూనిట్లకు రెండేళ్ల పాటు దీర్ఘకాలమనేదే లేదు, ఎంతకాలం ఉంచినా శ్లాబు పన్నే ఉండేది. 2025 ఏప్రిల్ 1 నుంచి జరిగే అమ్మకాలకు ఆ నిర్వచనం మారింది. ఇప్పుడది అప్పులపత్రాల ఫండ్లకే వర్తిస్తుంది. పాత వీడియోలు చూసి "ఫారిన్ ఫండుకి ఎప్పుడూ 30 శాతమే" అని వెనక్కి తగ్గినవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఆ మాటకు ఇప్పుడు కాలం చెల్లింది.

రెండో దారికి పన్నుకు సంబంధం లేని ఇబ్బంది ఇంకోటుంది. మన మ్యూచువల్ ఫండ్లన్నీ కలిసి విదేశాల్లో పెట్టగలిగే సొమ్ముకు 700 కోట్ల డాలర్ల పరిమితి, విదేశీ ఈటీఎఫ్‌లకు విడిగా 100 కోట్ల డాలర్ల పరిమితి ఉన్నాయి. ఈ పరిమితి నిండినప్పుడు కొత్త యూనిట్లు పుట్టవు, ఉన్నవాటికే గిరాకీ పెరిగి ఈటీఎఫ్ ధర దాని అసలు విలువను దాటిపోతుంది. కొనేముందు ఫండు వెబ్‌సైటులో ఐనావ్ (ఆ నిమిషానికి యూనిట్ అసలు విలువ) చూసి, ఎక్స్ఛేంజి ధరతో పోల్చండి. పది శాతం ఎక్కువ పెట్టి కొంటే, పన్నులో మిగిల్చుకునే 12 నెలల సౌకర్యం ఆ మొదటి రోజే గోదాట్లో కలిసినట్టు.

సిప్ కడుతుంటే గడువు ఎలా లెక్కిస్తారు

గడువు విషయంలో ఎక్కువమంది పొరపడేది సిప్ (నెలనెలా వాయిదాగా కట్టే పద్ధతి) దగ్గర. మొదటి వాయిదా కట్టిన రోజు నుంచి మొత్తానికి లెక్క వేసుకుంటారు. అలా కాదు, ప్రతి వాయిదాకూ దాని పుట్టినరోజు దానిదే. అమ్మేటప్పుడు ముందు కొన్న యూనిట్లు ముందు పోతాయి.

2024 జనవరి 5 నుంచి 2026 మార్చి 5 దాకా నెలకు 10,000 కట్టారనుకోండి. మొత్తం 27 వాయిదాలు. 2026 మార్చి 20న అంతా అమ్మేశారు. అది నిఫ్టీ ఫండు అయితే 2025 మార్చి 5 వరకు కట్టిన 15 వాయిదాలు దీర్ఘకాలం, మిగతా 12 స్వల్పకాలం. అదే విదేశీ ఫండు అయితే 2024 జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల 3 వాయిదాలే దీర్ఘకాలంలోకి వస్తాయి, మిగతా 24 వాయిదాల లాభం శ్లాబులోకి పోతుంది. ఒకే సొమ్ము, ఒకే రోజు అమ్మకం. "రెండేళ్లు దాటింది కదా" అన్న ధీమాతో మొత్తం తీసేస్తే జరిగేది ఇదే. మొత్తం తియ్యకుండా గడువు దాటిన యూనిట్ల మేరకే రిడీమ్ పెట్టండి. ఫండ్ల ఖాతా లెక్కలు చూసే క్యామ్స్, కేఫిన్ టెక్ సంస్థలు ఇచ్చే స్టేట్‌మెంటులో ఒక్కో వాయిదా తేదీ ఉంటుంది, లెక్కకు అది చాలు.

ఏజెంటు కమీషను ఉండే రెగ్యులర్ ప్లాన్ నుంచి అది లేని డైరెక్ట్ ప్లాన్‌కు మారడం, ఒక పథకం నుంచి ఇంకోదానికి స్విచ్ కొట్టడం కూడా అమ్మకమే. డబ్బు మీ ఖాతాలోకి రాలేదు కదా అంటే కుదరదు. గడువు ఆ రోజు నుంచి మళ్లీ మొదలు.

సార్వా కోతల తర్వాత డిసెంబరులో చేతికొచ్చిన డబ్బు జూన్‌లో మళ్లీ నారుమడికి కావాలంటే ఈ రెండు ఫండ్లూ దానికి చోటు కావు. ఎందులో పెట్టినా స్వల్పకాల పన్నే, పైగా మార్కెట్టు పడితే అసలుకే దెబ్బ.

లక్షా పాతికవేల మినహాయింపు ఎంత విలువైనది

దేశీయ ఈక్విటీ ఫండు దీర్ఘకాల లాభంలో ఏడాదికి 1,25,000 దాకా పన్ను లేదు. విదేశీ ఫండుకు ఇది వర్తించదు, ఏ దారిలో కొన్నా సరే. ఒక్క ఏడాదికి చూస్తే తేడా చిన్నదే: లక్షా పాతిక వేలకు 12.5 శాతం 15,625, దానిపై 4 శాతం సెస్సు కలిపి 16,250.

10 లక్షలు పెట్టి అయిదేళ్లలో 16 లక్షలయిందనుకుందాం. చివర్లో ఒకేసారి అమ్మితే నిఫ్టీ ఫండు మీద 6 లక్షల లాభంలో లక్షా పాతిక పోను 4,75,000కి పన్ను 59,375, సెస్సుతో 61,750. విదేశీ ఫండు మీద 6 లక్షలకూ 75,000, సెస్సుతో 78,000. తేడా ఆ 16,250 మాత్రమే.

అసలు లాభం ఏటా వాడుకుంటేనే. ప్రతి మార్చిలోనూ ఏడాది దాటిన యూనిట్లలో లక్షా పాతిక లాభం మేరకు అమ్మి, డబ్బు రాగానే మళ్లీ అదే ఫండులో పెట్టేస్తే కొత్త కొనుగోలు ధర పైకి జరుగుతుంది. లాభం ఏటా సుమారు లక్షా ఇరవై వేల చొప్పున వచ్చి ఉంటే అయిదేళ్ల తర్వాత పన్ను దాదాపు సున్నా. అప్పుడు తేడా 78,000 అవుతుంది. మార్కెట్టు అంత సమంగా పెరగదు గనక అచ్చం ఇలాగే రాదు, అయినా పద్ధతి ఇదే. ఖర్చు కూడా తక్కువ: అమ్మకంపై ఎస్‌టీటీ (లావాదేవీ పన్ను) 0.001 శాతం, కొనుగోలుపై స్టాంపు డ్యూటీ 0.005 శాతం. మళ్లీ కొన్న యూనిట్లకు 12 నెలల గడువు కొత్తగా మొదలవుతుందన్నది మరిచిపోవద్దు. వచ్చే ఏడాదిలో తియ్యాల్సిన డబ్బుతో ఈ పని చెయ్యకూడదు. ఎగ్జిట్ లోడ్ (త్వరగా అమ్మితే ఫండు కోసే రుసుము) ఉందేమో కూడా చూసుకోండి.

భార్య పేరున పెడితే ఇంకో లక్షా పాతిక వస్తుందని చాలామంది లెక్కేస్తారు. ఆమె సొంత సంపాదన గాని, పుట్టింటివాళ్లు ఇచ్చిన సొమ్ము గాని అయితే వస్తుంది. భర్త ఇచ్చిన డబ్బుతో కొంటే లాభం తిరిగి భర్త లెక్కలోకే కలుస్తుంది.

వరి, కొబ్బరి, రొయ్య, పెన్షన్

మన జిల్లాలకు తేడా తెచ్చేది ఈ భాగం.

వరి, కొబ్బరి మీద వచ్చేది వ్యవసాయ ఆదాయం, పన్ను లేదు. కడియం నర్సరీల్లో పెంచిన మొక్కల అమ్మకం కూడా చట్టం ప్రకారం వ్యవసాయమే. చేపలు, రొయ్యలు మాత్రం కావు, అది వ్యాపార ఆదాయం. అదే ఎకరం వరికి కౌలుకిస్తే వచ్చే కౌలు వ్యవసాయ ఆదాయం. చెరువు తవ్వి రొయ్యలకు లీజుకిస్తే వచ్చేది కాదు. పదేళ్ల కిందట చేను, ఇప్పుడు చెరువు అయిన భూములున్న ఇళ్లలో ఈ మార్పు రిటర్నులో ఎక్కకుండా ఉండిపోతుంటుంది. ఫండు లాభం చూపించేటప్పుడు అదీ బయటపడుతుంది.

ఆదాయమంతా వ్యవసాయమే అయిన రైతుకు 4 లక్షల ప్రాథమిక మినహాయింపు ఖాళీగా ఉంటుంది. దేశంలో నివాసముండేవారు ఆ ఖాళీని దీర్ఘకాల లాభంతో నింపుకోవచ్చు. అంటే నిఫ్టీ ఫండు దీర్ఘకాల లాభం ఒక ఏడాదిలో 4 లక్షలు, దానిపై లక్షా పాతిక, మొత్తం 5,25,000 దాకా పన్ను లేకుండా తీసుకోవచ్చు. విదేశీ ఫండులో 4 లక్షల దాకా. బ్యాంకు డిపాజిట్ల వడ్డీ ఉంటే ఆ 4 లక్షల్లోంచి ముందు అది తింటుంది, మిగిలినంతే లాభానికి. పన్ను సున్నా అయినా, మినహాయింపు తీసెయ్యకముందు ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్ను వెయ్యాల్సిందే.

పెన్షనర్ల లెక్క ఇంకా వింత. పాలకొల్లులో ఒక రిటైర్డు ఉద్యోగికి స్టాండర్డ్ డిడక్షన్ పోను పన్ను వేయదగ్గ ఆదాయం 9 లక్షలు అనుకోండి. 12 లక్షల లోపు కాబట్టి రిబేటుతో (పన్ను మాఫీ) పన్ను లేదు. ఈ రిబేటు శ్లాబు పన్నుకే గాని, 20 శాతం, 12.5 శాతం లాంటి ప్రత్యేక రేట్ల పన్నుకు వర్తించదు. ఇప్పుడు ఆయనకు లక్ష లాభం వచ్చిందనుకుని నాలుగు రకాలుగా చూడండి. నిఫ్టీ ఫండును పది నెలలకు అమ్మితే 20,800 కట్టాలి. ఏడాది దాటాక అమ్మితే సున్నా. విదేశీ ఫండును పద్దెనిమిది నెలలకు అమ్మితే ఆ లక్ష శ్లాబులో కలుస్తుంది, మొత్తం 10 లక్షలే గనక రిబేటులో పోతుంది, సున్నా. అదే ఫండును ఓపికగా ఇరవై అయిదు నెలలు ఉంచి అమ్మితే 13,000 కట్టాలి! ఉంచిన కొద్దీ మంచిదన్న సూత్రం ఇక్కడ తలకిందులైంది. ఒక్కటే జాగ్రత్త: లాభంతో కలిపి మొత్తం 12 లక్షలు దాటకూడదు, దాటితే రిబేటు చేజారుతుంది.

రొయ్యల రైతు పరిస్థితి దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఆదాయం 24 లక్షలు దాటి 30 శాతం శ్లాబులో ఉంటే, విదేశీ ఫండును రెండేళ్లలోపు తీస్తే సెస్సుతో 31.2 శాతం, నిఫ్టీ ఫండును ఏడాదిలోపు తీస్తే 20.8 శాతం. పంటకు పంటకు మధ్య వైరస్ దెబ్బ తగిలి అర్జంటుగా డబ్బు కావాల్సిన వ్యాపారం ఇది. ఆ అవసరానికి పెట్టుకున్న సొమ్ము విదేశీ ఫండులో ఉండకూడదు. ఇంకో సంగతి, టర్నోవరు మీద 6 శాతమో 8 శాతమో లాభం చూపించి ఐటీఆర్-4 వేసేవాళ్లు విదేశీ ఫండు అమ్మిన ఏడాది ఐటీఆర్-3కి మారాలి. ఐటీఆర్-4లో దేశీయ ఈక్విటీ ఫండు దీర్ఘకాల లాభం, అదీ లక్షా పాతిక లోపు అయితేనే పడుతుంది. ఉద్యోగులు, పెన్షనర్లు వేసే ఐటీఆర్-1కీ అదే హద్దు, దాటితే ఐటీఆర్-2. ఆడిటరు గారి ఫీజు ఇక్కడ మారుతుంది, ముందే అడిగి పెట్టుకోండి.

డాలర్లు పంపి సొంతంగా కొంటే

ఈ దారిలో ఖర్చులు తక్కువగా కనబడతాయి, ఎందుకంటే ఫండు వార్షిక రుసుము నిజంగానే చాలా తక్కువ. పన్ను వైపు మాత్రం పని ఎక్కువ.

డబ్బు పంపేటప్పుడు బ్యాంకులో ఫారం ఏ2 ఇవ్వాలి. ఏడాదిలో 10 లక్షలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. 16 లక్షలు పంపితే దాటిన 6 లక్షల మీద 1,20,000 అదనంగా కట్టాలి. అది పోయిన డబ్బు కాదు, ఫారం 26ఏఎస్‌లో (మీ పాన్ మీద జమైన పన్నుల పట్టిక) కనిపిస్తుంది, రిటర్నులో సర్దుకోవచ్చు. ఉద్యోగులైతే ఆఫీసులో చెప్పి జీతం టీడీఎస్‌లో తగ్గించుకోవచ్చు. పన్నే లేని రైతుకు మాత్రం రిటర్ను వేసి రిఫండు వచ్చేదాకా అది ఇరుక్కుపోతుంది. తొందర లేకపోతే 10 లక్షలు మార్చిలో, 10 లక్షలు ఏప్రిల్‌లో పంపితే టీసీఎస్ అసలు ఉండదు.

ఈ 10 లక్షలు ఒక్క పెట్టుబడికే విడిగా ఇచ్చిన హద్దు కాదు. అన్ని అవసరాలకూ కలిపి ఒకటే. అమ్మాయి ఎం.ఎస్. ఫీజు కింద మీ పాన్ మీద ఇప్పటికే 15 లక్షలు పంపి ఉంటే, ఆ ఏడాది ఈటీఎఫ్ కోసం పంపే మొదటి రూపాయి నుంచే 20 శాతం పడుతుంది. పిల్లల్ని పంపిన ఏడాది తండ్రి పాన్ మీద ఫీజు, తల్లికి సొంత సొమ్ముంటే ఆమె పాన్ మీద పెట్టుబడి, ఇలా విడగొట్టుకోవడం మేలు.

రూపాయిని డాలరు చెయ్యడంపై జీఎస్టీ ఉంది: 10 లక్షలకు 990 రూపాయలు. అది పెద్దది కాదు. బ్యాంకు వేసే వైర్ చార్జీ, మారకం రేటులో కలిపేసే మార్జిన్ అసలు ఖర్చు. పంపేముందు ఆ నిమిషంలో రేటు ఎంత, మీకు ఇచ్చే రేటు ఎంత అని బ్రాంచిలో అడిగి రాయించుకోండి. నెలకు 20,000 చొప్పున పంపితే వైర్ చార్జీయే నమిలేస్తుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు పంపడమే లెక్క. పంపిన డాలర్లు పెట్టుబడి పెట్టకుండా ఊరికే ఉంచితే 180 రోజుల్లో వెనక్కి తేవాలి.

డివిడెండు సంగతి చూద్దాం. అమెరికా ఈటీఎఫ్ డివిడెండు మీద అక్కడే 25 శాతం కోస్తారు, అదీ మీరు బ్రోకరుకు డబ్ల్యూ-8 బెన్ ఫారం (అమెరికావారు కాదని చెప్పేది) ఇస్తేనే. ఇవ్వకపోయినా, గడువు తీరినా 30 శాతం. సంతకం చేసిన ఏడాది, ఆ తర్వాత మూడు క్యాలెండరు సంవత్సరాలు అది చెల్లుతుంది. 1,000 డాలర్ల డివిడెండులో 250 అక్కడ పోతే, 30 శాతం శ్లాబువారికి ఇక్కడి పన్ను 312, ఫారం 67 (విదేశంలో కట్టిన పన్నుకు క్రెడిట్ అడిగేది) వేసి 250 తగ్గించుకుంటే కట్టేది 62. ఇక్కడ పన్ను లేని రైతుకు తగ్గించుకోడానికి ఏమీ ఉండదు, ఆ 250 పోయినట్టే. మొదటి దారిలోని మన దేశపు ఫండు లోపల కూడా విదేశీ డివిడెండుపై కోత ఉంటుంది. దాని క్రెడిట్ మీకు రాదు, ఎన్‌ఏవీలో (యూనిట్ విలువ) కలిసిపోతుంది. కాగితం పని మాత్రం ఉండదు.

అమ్మేటప్పుడు లాభాన్ని రూపాయల్లో లెక్క కట్టాలి. డాలర్లలో లాభమే లేకపోయినా, రూపాయి పడిపోయి ఉంటే ఆ తేడా లాభమే, దానికీ పన్నే.

తర్వాత షెడ్యూల్ ఎఫ్‌ఏ, అంటే రిటర్నులో విదేశీ ఆస్తులు చూపే పట్టిక. విదేశీ బ్రోకరు దగ్గర ఒక్క యూనిట్ ఉన్నా, ఆదాయం లేకపోయినా రిటర్ను వేసి అందులో చూపాలి. ఐటీఆర్-1, ఐటీఆర్-4 పనికిరావు. ఇది ఆర్థిక సంవత్సరం ప్రకారం కాదు, డిసెంబరు 31తో ముగిసే క్యాలెండరు సంవత్సరం ప్రకారం. 2025-26 ఆదాయానికి వేసే రిటర్నులో 2025 జనవరి నుంచి డిసెంబరు దాకా ఉన్న ఆస్తులే వస్తాయి. 2026 ఫిబ్రవరిలో మొదటిసారి కొన్నది ఆ రిటర్నులో ఎఫ్‌ఏలోకి రాదు, మరుసటి ఏడాదిలో వస్తుంది. అదే ఫిబ్రవరిలో డివిడెండు వస్తే మాత్రం ఆదాయంలో ఈ ఏడాదే చూపాలి. రెండు క్యాలెండర్లు కలిపేసి పోగొట్టుకునేది ఇక్కడే. కొన్న విలువ, ఏడాదిలో అత్యధిక విలువ, డిసెంబరు 31 విలువ, వచ్చిన డివిడెండు, అన్నీ ఎస్‌బీఐ టీటీ బయింగ్ రేటుతో (ఆ బ్యాంకు డాలర్లు కొనే రేటు) రూపాయల్లోకి మార్చాలి. బ్రోకరు ఖాతాలో మిగిలిన డాలర్ల నగదు కూడా ఇందులో భాగమే. చూపకపోతే నల్లధనం చట్టం కింద జరిమానా 10 లక్షలు. 2024 అక్టోబరు 1 నుంచి స్థిరాస్తి కాని విదేశీ ఆస్తులు మొత్తం 20 లక్షల లోపుంటే ఆ జరిమానా లేదు. జరిమానా లేదన్నంత మాత్రాన చూపక్కర్లేదని కాదు.

మన దేశపు ఫండు ద్వారా కొన్నవాళ్లకు పై పేరా మొత్తం అక్కర్లేదు. ఆ సౌఖ్యం విలువ చాలామంది తక్కువ అంచనా వేస్తారు.

ఖాతాదారు పోతే

ఇది ఏ ఏజెంటూ ఎత్తని మాట. మన దేశంలో 1985 నుంచి వారసత్వపు పన్ను లేదు. అమెరికాలో ఉంది. అక్కడ లిస్టయి, అక్కడే రిజిస్టరైన ఈటీఎఫ్‌లు మీ పేరున ఉంటే, మీరు అమెరికా గడప తొక్కకపోయినా అవి అమెరికా ఆస్తులే. విదేశీయులకు మినహాయింపు 60,000 డాలర్లే. డాలరు 85 రూపాయలనుకుంటే 51 లక్షలు. 1,00,000 డాలర్ల ఈటీఎఫ్‌లు వదిలి ఒకరు పోతే కుటుంబం కట్టాల్సింది 10,800 డాలర్లు, పైకి పోయేకొద్దీ రేటు 40 శాతం దాకా. ఫారం 706-ఎన్‌ఏ తొమ్మిది నెలల్లో వెయ్యాలి. ఈ విషయంలో మన రెండు దేశాల మధ్య ఒప్పందం లేదు. రాజోలులో ఉన్న ఇల్లాలు ఆ దుఃఖంలో అమెరికా పన్ను ఫారం వెతుక్కోవాలంటే ఎలా ఉంటుందో ఊహించండి.

దీనికి విరుగుడు ఉంది. అదే ఎస్ అండ్ పీ 500ని అనుసరించే, ఐర్లండులో రిజిస్టరై లండన్‌లో లిస్టయిన ఈటీఎఫ్‌లు ఉన్నాయి. వాటికి అమెరికా వారసత్వపు పన్ను లేదు. లోపల డివిడెండు కోత 25 బదులు 15 శాతం. డివిడెండును పంచకుండా లోపలే కలిపేసే రకం ఎంచుకుంటే ఏటా ఫారం 67 పనీ తప్పుతుంది. షెడ్యూల్ ఎఫ్‌ఏ మాత్రం తప్పదు. లండన్ ఎక్స్ఛేంజికి వీలిచ్చే బ్రోకరు కావాలి. 60,000 డాలర్ల దగ్గరికి చేరేలా పెట్టబోయేవాళ్లు మొదటి రోజే ఈ రకానికి పోవడం మంచిది. తర్వాత మారాలంటే అమ్మి పన్ను కట్టి మారాలి.

పిల్లలు బయట ఉంటే

అబ్బాయి టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, ఇక్కడ ఆయన పేరున నిఫ్టీ ఫండులో సిప్ కడదామని పెద్దలు అనుకుంటారు. వద్దు. అమెరికాకు పన్ను కట్టేవారికి, గ్రీన్ కార్డు లేకుండా హెచ్-1బీ మీద ఉన్నా సరే, మన మ్యూచువల్ ఫండు అక్కడి చట్టంలో పీఫిక్ (విదేశీ పెట్టుబడి కంపెనీ) అనే రకంలోకి వస్తుంది. ప్రత్యేకంగా ఏ ఎంపికా చేసుకోకపోతే లాభాన్ని ఏళ్ల మీద పంచి, వెనకటి ఏళ్ల వాటాకు ఆయా ఏటి గరిష్ఠ రేటు, దానిపై వడ్డీ వేస్తారు. ఫండుకు ఒక ఫారం 8621. వాళ్లు అక్కడి ఇండెక్స్ ఫండు అక్కడే కొనుక్కుంటే ఈ గొడవేమీ లేదు. మీ పేరున ఉన్న ఫండుకు అబ్బాయిని నామినీగా పెట్టడం వల్ల అయ్యేది ఏమీ లేదు, అది నిశ్చింతగా పెట్టండి.

కోనసీమ నుంచి దుబాయ్, కువైట్ వెళ్లినవాళ్లకు ఈ బెడద లేదు. ఎన్‌ఆర్‌ఐగా ఉన్నంత కాలం వాళ్లకు ఎల్‌ఆర్‌ఎస్, టీసీఎస్, షెడ్యూల్ ఎఫ్‌ఏ మూడూ వర్తించవు. ఇక్కడి నిఫ్టీ ఫండు అమ్మినప్పుడు మాత్రం ఫండు కంపెనీయే టీడీఎస్ పట్టుకుని మిగతాది ఇస్తుంది, స్వల్పకాలానికి 20, దీర్ఘకాలానికి 12.5 శాతం చొప్పున. రైతుకు చెప్పిన ఆ 4 లక్షల ఖాళీని లాభంతో నింపుకునే వీలు ఎన్‌ఆర్‌ఐలకు లేదు.

ఎవరికి ఏది

ఆదాయం వ్యవసాయమే అయినవారికి ముందు నిఫ్టీ ఫండే. 5,25,000 దాకా ఖాళీ ఉన్న చోటును వదిలి 4 లక్షల చోటుకు వెళ్లడానికి పన్నుపరంగా కారణం కనబడదు. డబ్బంతా ఒకే దేశంలో ఉందన్న బెంగ ఉంటే అయిదో వంతు మన దేశపు విదేశీ ఫండులో పెట్టుకోవచ్చు. డాలర్లు పంపే దారి వీరికి నష్టం: టీసీఎస్ ఇరుక్కుంటుంది, డివిడెండు కోత తిరిగి రాదు.

12 లక్షల లోపు పెన్షను, జీతం ఉన్నవారు రెండిటినీ పక్కపక్కన పెట్టుకోవచ్చు. ఏడాది రెండేళ్ల మధ్య తియ్యాల్సి వస్తే ముందుగా ఏడాది దాటిన నిఫ్టీ యూనిట్లు, అవి లక్షా పాతిక లాభం దాటాక రెండేళ్లు నిండని విదేశీ యూనిట్లు. ఈ వరస తెలిస్తే పన్ను చాలావరకు తప్పుతుంది.

30 శాతం శ్లాబులో ఉన్న ఆక్వా రైతులు, డాక్టర్లు, వ్యాపారులు విదేశీ ఫండులో పెట్టేది రెండేళ్లు ముట్టనిదై ఉండాలి. పిల్లల చదువు డాలర్లలో కట్టాల్సింది అయిదారేళ్లలో ఉంటే, ఏటా 10 లక్షల లోపు పంపి ఐర్లండు ఈటీఎఫ్ కొనడం వీరికి సరిపోతుంది. రేపు ఫీజు కట్టేది డాలర్లలోనే గనక రూపాయి పడినా భయం లేదు. ఏటా షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపే ఆడిటరు దొరకడమే షరతు. ఊళ్లో ఆడిటరు గారిని "క్యాలెండరు సంవత్సరమా, ఆర్థిక సంవత్సరమా?" అని ఒక్క ప్రశ్న అడిగి చూడండి, తెలిసిపోతుంది.

నష్టం వచ్చినా రిటర్ను గడువులోగా వెయ్యండి. స్వల్పకాల నష్టం రెండు రకాల లాభాల్లోంచీ తగ్గుతుంది, దీర్ఘకాల నష్టం దీర్ఘకాల లాభంలోంచే. మిగిలింది ఎనిమిదేళ్లు వాడుకోవచ్చు. విదేశీ ఫండులో వచ్చిన దీర్ఘకాల నష్టాన్ని నిఫ్టీ ఫండు దీర్ఘకాల లాభంలోంచి తీసెయ్యొచ్చు. గడువు దాటి వేసిన రిటర్నుతో ఈ హక్కు పోతుంది.

మార్చిలో అమ్మేవాళ్లు చివరి వారానికి పెట్టుకోవద్దు. దేశీయ ఫండు డబ్బు మూడు పనిదినాల్లో రావాలి, విదేశీ ఫండుకు అయిదు పనిదినాల దాకా పట్టొచ్చు. మధ్యలో అమెరికా సెలవు వస్తే ఎన్‌ఏవీ తేదీ ఇంకో రోజు జరుగుతుంది. ఆ ఒక్క రోజు ఏప్రిల్‌లోకి జారితే లాభం వచ్చే ఏడాది లెక్కలో పడుతుంది.